బంధన కంచుకం

చక్కగా కుట్టిన ప్రతి వస్తువూ మంచి వస్తువు కాదు. పనితనం వేరు, ప్రయోజనం వేరు. పనివాని చేతి నేర్పును మెచ్చుకుంటూనే, ఆ నేర్పు ఎవరి కొరకు ఖర్చయిందని అడగవలసిన వస్తువులు లోకంలో కొన్ని ఉన్నవి. ఐరోపాలో పుట్టి, ఉన్మాదశాలల్లోను చెరసాలల్లోను సుమారు రెండు శతాబ్దాలపాటు మనుషుల ఒంటిమీద బిగిసిన ఒక చొక్కా అటువంటిది. ఆంగ్లేయులు దానిని మొదట స్ట్రెయిట్ వెయిస్ట్‌కోట్ అనీ, తరువాత స్ట్రెయిట్ జాకెట్ అనీ పిలిచారు. ఇక్కడ స్ట్రెయిట్ అనగా తిన్ననిది అని కాదు. ఇరుకైనది, బిగుతైనది అని. రెండు భూభాగాల నడుమ ఇరుకుగా సాగే జలసంధికి పేరైన మాటే ఈ చొక్కాకూ పేరయింది. తెలుగులో దీనిని బంధన కంచుకం అనవచ్చు.

ఈ కంచుకపు కూర్పును కొంచెం నిదానించి చూడాలి. దీని గుణదోషాలన్నీ దీని కుట్టులోనే ఉన్నవి.

సామాన్యమైన చొక్కా ముందువైపు తెరుచుకుంటుంది. తొడుక్కునేవాని చేతికి గుండీలు అందుతాయి. బంధన కంచుకం వెనుకవైపు తెరుచుకుంటుంది. దానిని ఎవరూ తమంతట తాము తొడుక్కోలేరు, తమంతట తాము విప్పుకోలేరు. తొడిగేవాడు ఒకడు, తొడిగించుకునేవాడు మరొకడు. చేతులు వేళ్లకొనలు దాటి పొడుగ్గా సాగి, చివర సంచి అడుగులాగా మూసి కుట్టి ఉంటాయి. ఆ చివరలకు పట్టీలు. రెండు చేతులను రొమ్ముమీద అడ్డంగా మడిచి, పట్టీలను వీపు వెనుకకు తిప్పి బకిలులో బిగిస్తారు. చూడబోతే మనిషి తనను తానే కౌగిలించుకున్నట్లుంటుంది. మడిచిన చేతులు పైకి లేవకుండా కొన్నింటిలో రొమ్మువద్ద ఒక వలయం ఉంటుంది. చొక్కాను తలమీదుగా లాగివేయకుండా తొడల నడుమనుండి మరొక పట్టీ పోతుంది.

తేలికరకం కంచుకాన్ని పరుపులకు వాడే దట్టమైన గుడ్డతోనో, తెరచాపలకు వాడే కాన్వాసుతోనో కుట్టేవారు. బరువైన రకంలో తోలు ప్రవేశించింది. మెడపట్టీ తోలు, చేతుల చివరలు తోలు, లాగుడు పడే కుట్లమీద తోలు అతుకులు, పట్టీలన్నీ తోలు. కొన్నింటిలో ఆసాంతమూ తోలే. ఇటువంటి దానిని కుట్టడం చేతకానివాని పని కాదు. పశువు వెన్ను వెంబడి ఉండే తోలు దట్టంగా ఉంటుంది, అంత తేలికగా సాగదు. పొట్ట తోలు వదులు, త్వరగా సాగుతుంది. అందువలన పట్టీలను వెన్ను తోలునుండి నిడుపుగా కోయాలి. మైనం పట్టించిన నారదారపు రెండు కొనలకు రెండు సూదులు ఎక్కించి, ఆరెతో పొడిచిన ఒక్కొక్క రంధ్రంలో అటునుండి ఒకటి, ఇటునుండి ఒకటి దూర్చి బిగించాలి. గుర్రపు జీను కుట్టే పద్ధతి ఇదే. ఒక పోగు తెగినా రెండవ పోగు కుట్టును విడనీయదు. కోసిన అంచు మెడను ఒరుసుకొనకుండా మెత్తని తోలు మడిచి వేయాలి. పనిని పనిగా చూస్తే ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

కాని ఏ భాగం ఎవరి కొరకని అడుగుతూ వస్తే మరొక సంగతి బయటపడుతుంది. వెన్ను తోలు ఎవరి కొరకు? రోగి పెనుగులాడినా పట్టీ సాగకుండా, కట్టినవాడు నిశ్చింతగా ఉండటానికి. జంట కుట్టు ఎవరి కొరకు? మళ్లీ మళ్లీ వచ్చి చూడవలసిన పని లేకుండా ఉండటానికి. మూసిన చేతులు ఎవరి కొరకు? గిచ్చడం, గీరడం, చింపడం లేకుండా ఉండటానికి. లోపలి మనిషికి దక్కినది మెడ దగ్గరి మెత్తని మడత ఒక్కటే. అతనికి ముక్కుమీద ఈగ వాలితే తోలుకొనే వీలు లేదు. కన్నీరు వస్తే తుడుచుకొనే వీలు లేదు. దాహమైతే గ్లాసు పట్టుకొనే వీలు లేదు. గుడ్డకు ఉతుకైనా ఉన్నది. తోలుకు అదీ లేదు. చెమటకు తడిసి, ఆరి, బిరుసెక్కి, నిన్నటి మనిషి చెమట వాసనతోనే నేటి మనిషి ఒంటిమీదికి వస్తుంది.

ఇంకొక విశేషం. దర్జీ ఎవరికి చొక్కా కుట్టినా ముందు వాని కొలత తీసుకుంటాడు. భుజం ఎంత, ఛాతీ ఎంత, చేయి పొడుగెంత అని టేపు పట్టి చూస్తాడు. మనిషిని మనిషిగా లెక్కపెట్టే పద్ధతులలో అదీ ఒకటి. ఈ కంచుకానికి ఎవరి కొలతా అక్కరలేదు. పట్టీకి వరుసగా రంధ్రాలు ఉంటాయి. లావుపాటివాడు వస్తే ఒక రంధ్రం, బక్కవాడు వస్తే మరొకటి. భాగవతంలో యశోద కృష్ణుని రోటికి కట్టబోతే తాడు ప్రతిసారీ రెండంగుళాలు తక్కువైంది. ఇంట్లోని తాళ్లన్నీ ముడివేసినా చాలలేదు. తల్లి అలసి చెమర్చిన తరువాతనే, ఆమె మీది జాలితో బాలుడు కట్టుబడ్డాడు. కట్టేవారి అలసట కట్టించుకునేవానికి కనిపించింది, వాని జాలి వారికి అందింది. బకిలు ఉన్న పట్టీకి ఆ రెండంగుళాల కొరత ఎన్నడూ రాదు. కట్టేవానికి అలసట లేదు. కట్టించుకునేవాని మొగం చూడవలసిన పనీ లేదు, బకిలు వీపున కదా ఉన్నది.

లోకం ఈ చొక్కాను ఎక్కువగా ఎరిగింది చికిత్సాలయంలో కాదు, ఇంద్రజాలికుని వేదికమీద. హ్యారీ హుడీనీ 1896లో కెనడాలోని సెయింట్ జాన్ నగరపు ఉన్మాదశాలలో ఒక రోగి ఈ చొక్కాలో పెనుగులాడుతుండగా చూశాడు. దానినుండి బయటపడే విద్యను అభ్యసించి ప్రదర్శించసాగాడు. మొదట తెర చాటున విప్పుకొని వచ్చేవాడు; చూసేవారికి నమ్మకం కుదరలేదు. తెర తీసివేసి అందరి ఎదుట గింజుకొని, పొర్లి, చెమటలు కక్కుతూ బయటపడినప్పుడు జనం హర్షధ్వానాలు చేశారు. తరువాతి కాలంలో ఎత్తైన భవనాలకు తలక్రిందుగా వేలాడుతూ విప్పుకున్నాడు. అతని కిటుకు చొక్కా కూర్పులోనే ఉన్నది. తొడిగేటప్పుడు ఛాతీ పొంగించి, కండరాలు బిగించి, చేతులను కొంచెం ఎడంగా నిలిపితే తరువాత కొంత వదులు చిక్కుతుంది. ఆ వదులుతో మడిచిన చేతులను తలమీదుగా ముందుకు తెచ్చి, మూసిన గుడ్డలోపలినుండే బకిలులను విప్పేవాడు. గుడ్డలో మిగిలిన ఆ కాస్త వదులే అతని విద్యకు ఆధారం. చొక్కా బరువెక్కి, తోలు మందమెక్కినకొద్దీ మిగలకుండా పోయేది ఆ వదులే. వేదికమీద హుడీనీ పెనుగులాట కొన్ని నిమిషాల విద్య. చివర చప్పట్లు ఉన్నవి. అతడు సెయింట్ జాన్‌లో చూసిన రోగి పెనుగులాటకు చప్పట్లూ లేవు, నిమిషాల లెక్కా లేదు.

అయినా ఈ వస్తువు క్రూరుల బుర్రలో పుట్టినదని అనుకుంటే చరిత్రకు అన్యాయం చేసినట్లే. ఇది దయనుండి పుట్టింది. ఐర్లండుకు చెందిన వైద్యుడు డేవిడ్ మాక్‌బ్రైడ్ 1772లో తన వైద్యగ్రంథంలో ఈ చొక్కాను వర్ణించాడు. ఆనాటికి ఉన్మాదులకు దక్కిన సామాన్యోపచారం ఇనుప గొలుసు. ఆ ఇనుము ఎంత దూరం పోయిందో లండనులోని బెత్లెం వైద్యాలయంలో 1814లో తెలిసింది. మెడకు ఇనుప పట్టీ, నడుముకూ భుజాలకూ ఇనుప చట్రం, వాటినుండి గోడ పక్కన నిలిపిన ఇనుప కమ్మికి గొలుసు. ఈ విధంగా ఏండ్ల తరబడి ఉన్న ఒక రోగిని బయటివారు వెళ్లి చూసి లోకానికి తెలిపారు. మరుసటి ఏడాది ఆంగ్ల పార్లమెంటు సంఘం విచారణ జరిపింది. అటువంటి ఇనుముతో పోల్చినప్పుడు గుడ్డ చొక్కా మేలనిపించడంలో వింత లేదు. ఫ్రాన్సులో బిసేత్ర్ ఉన్మాదశాలను చూసుకుంటున్న జాఁ బాప్తిస్త్ ప్యుసేఁ 1797లో గొలుసులను తీయించాడు. ఆ కీర్తి చాలాకాలం వైద్యుడు పినెల్‌కు పోయింది. గొలుసులు తీసిన చేతులకు అవసరమైనప్పుడు అక్కడ తొడిగినది ఈ చొక్కానే. దీనిని రాజులూ తప్పించుకోలేదు. ఇంగ్లండు రాజు మూడవ జార్జికి 1788లో మతి చలించినప్పుడు, చికిత్సకు వచ్చిన ఫ్రాన్సిస్ విల్లిస్ ఆయనకూ ఇదే తొడిగించాడు. దేశాలను ఏలిన చేతులు కూడా ఆ పొడుగు చేతులలో వేళ్లు కనిపించకుండా ఒదిగినవి.

మేలైన వస్తువని వచ్చినది ఎక్కడ కీడైంది? ఇంగ్లండులోని లింకన్ ఉన్మాదశాలలో జరిగినది దీనికి సమాధానం చెబుతుంది. అక్కడ 1829లో ఒక రోగిని చొక్కా తొడిగి, పట్టీలతో మంచానికి కట్టి, రాత్రంతా ఒంటరిగా వదిలివేశారు. తెల్లవారేసరికి అతడు చనిపోయి ఉన్నాడు. నిర్వాహకులు చొక్కాను వెంటనే నిషేధించలేదు. ఒక చిన్న నియమం మాత్రం చేశారు. రాత్రివేళ ఎవరినైనా కట్టవలసివస్తే ఒక పరిచారకుడు ఆ గదిలోనే కూర్చొని ఉండాలి. ఫలితం విచిత్రంగా వచ్చింది. మనిషి పక్కన కూర్చోవలసి వచ్చేసరికి, కట్టవలసిన అవసరమే చాలా సందర్భాలలో లేదని తేలింది. అంతకుముందు రోగి ఉద్రేకం వలన కట్టుతున్నామని అనుకున్నారు. నిజానికి చాలా రాత్రులు కట్టినది పక్కన ఎవరూ ఉండనందువలన.

ఆ తరువాత లెక్కలే మాట్లాడినవి. లింకన్‌లో 1830లో ఉన్న 92 మందిలో 54 మందిని కట్టారు. ఆ ఏడాది కట్టి ఉంచిన గంటలు మొత్తం 27,000కు పైన. చార్లెస్‌వర్త్ అనే వైద్యుడు, ఆయన తరువాత శాలలోనే నివసించిన యువవైద్యుడు రాబర్ట్ గార్డినర్ హిల్ పట్టుదలగా ఆ లెక్కను తగ్గిస్తూ వచ్చారు. 1837లో 130 మందిలో కట్టినది ఇద్దరిని, 28 గంటలు. 1838లో ఒక్కరినీ లేదు. రోగులు ఎక్కువయ్యారు, కట్లు తగ్గినవి. ఎక్కువ మంది పరిచారకులు, రాత్రి కాపలా, పొడుగరులు బలిష్ఠులు అయినవారిని ఎంచి తీసుకోవడం, వారికి ఓపిక నేర్పడం: తోలు చొక్కాకు బదులుగా హిల్ అడిగినవి ఇవి. ఇది చిన్నశాలలో సాధ్యంగాని పెద్దశాలలో కాదన్నవారికి జాన్ కొనోలి జవాబు చెప్పాడు. లండను సమీపంలోని హాన్వెల్‌లో సుమారు 800 మంది రోగులు ఉండేవారు. 1839 జూన్‌లో బాధ్యత తీసుకున్న కొనోలి, సెప్టెంబరు 21 నాటికి యాంత్రిక బంధనాలన్నీ మాన్పించాడు. వార్డులనుండి పోగుచేస్తే అవి సుమారు 600 లెక్కతేలినవి. ఆయన ఆ అనుభవాన్ని 1856లో గ్రంథంగా వెలువరించాడు.

దీనికి ఎదురువాదం లేకపోలేదు, అది తేలికైనదీ కాదు. ఉద్రేకంలో ఉన్న రోగి తనను తాను గాయపరచుకోవచ్చు, పక్కవానిని కొట్టవచ్చు. చొక్కా తీసివేస్తే నలుగురు చేతులతో పట్టుకోవలసి వస్తుంది. ఆ పట్టులోనూ ఎముకలు విరగవచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు. కొనోలి కూడా గోడలకు మెత్తలు పరచిన గదులను వాడకుండా ఉండలేదు. రాత్రిపూట ముప్పైమంది రోగుల నడుమ ఒక్కతెగా నిలిచే నర్సు భయాన్ని పుస్తకం చదివి తీసిపారేయడం అన్యాయం. కాని ఈ వాదం చివరకు ఎక్కడ తేలుతుంది? ముప్పైమందికి ఒక్క నర్సే ఎందుకున్నది అన్న ప్రశ్న దగ్గర. అది రోగిని అడగవలసినది కాదు. మనుషుల కొరతను తోలుతో పూడ్చినంతకాలం ఆ కొరత ఎవరి కంటా పడదు. బిగుతైన చొక్కా వార్డును నిశ్శబ్దంగా ఉంచుతుంది. నిశ్శబ్దంగా ఉన్న వార్డుకు మరొక ఉద్యోగిని ఇవ్వాలని ఏ అధికారికీ తోచదు. ఈ విధంగా చొక్కా తన అవసరాన్ని తానే పెంచుకుంటుంది.

భారతదేశానికి ఈ ప్రశ్న తోలు రూపంలో కంటే గొలుసు రూపంలో ఎక్కువ పరిచితం. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6 వేకువజామున పాకకు నిప్పంటుకున్నది. అందులో గొలుసులతో కట్టి ఉన్న మానసిక రోగులు పారిపోలేకపోయారు. 28 మంది మరణించారు. వారిని అక్కడ చేర్చిన బంధువులందరూ కర్కోటకులు కారు. మొక్కులతో, ఆశతో తీసుకొని వచ్చినవారే అనేకులు. ఇక్కడా లింకన్ కథే. కట్టినప్పుడు దయ ఉన్నది; నిప్పంటుకున్నప్పుడు విప్పే చేయి లేదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో స్పష్టంగా మాట్లాడింది. రోగిని ఏ రూపంలోనైనా గొలుసుతో కట్టడాన్ని 95వ సెక్షన్ నిషేధించింది. భౌతిక బంధనాన్ని 97వ సెక్షన్ పూర్తిగా తీసివేయలేదుగాని, దాని చుట్టూ కంచె వేసింది. తక్షణం ముంచుకొచ్చే హాని తప్పించడానికి మరొక మార్గం లేనప్పుడే కట్టాలి. బాధ్యుడైన మానసిక వైద్యుని అనుమతి ఉండాలి. అవసరానికి మించి ఒక్క క్షణం ఉంచరాదు. ఎందుకు కట్టారో, ఎంతసేపు కట్టారో రాసిపెట్టాలి. 24 గంటలలోగా రోగి ప్రతినిధికి తెలపాలి. శిక్షగా గాని, భయపెట్టడానికి గాని కట్టరాదు. సిబ్బంది తక్కువన్న కారణంతో కట్టరాదు. 1829లో లింకన్ రాత్రి నేర్పిన పాఠమే ఈ చివరిమాట. అది కాగితం దాటి వార్డులోకి వచ్చిందా లేదా అన్నది, రాత్రి డ్యూటీలో ఎందరు ఉన్నారని లెక్కపెట్టితే తెలుస్తుంది.

తోలు పోయినంత మాత్రాన కంచుకం పోయిందని సంతోషించడానికీ లేదు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ అనే మందును ఉన్మాద చికిత్సలో వాడటం మొదలైన తరువాత, అటువంటి మందులు లక్షలమందిని ఇండ్లకు చేర్చినవి, అది కాదనరానిది. ఐతే అదే మాత్రను రోగికి నయం కావడానికి కాక వార్డు సద్దుమణగడానికి ఇస్తే, అదీ కంచుకమే. దానికి పట్టీ కనిపించదు, బకిలు కనిపించదు, అంతే తేడా. మందు మంచిదా చెడ్డదా అని కాదు అడగవలసినది. తోలు పట్టీని అడిగిన ప్రశ్ననే దానినీ అడగాలి. ఇది ఎవరి కొరకు?

ఈ ప్రశ్న ఉపాధ్యాయలోకానికి దూరమైనది కాదు. ఒక గదిలో అరవైమంది పిల్లలు, ఒక్క ఉపాధ్యాయుడు. అల్లరివానిని బల్లమీద నిలబెట్టినా, చేతులు కట్టుకొని కూర్చోమన్నా, బెత్తం చూపినా తరగతి సద్దుమణుగుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దేహదండనను, మానసిక వేధింపును నిషేధించింది. బెత్తం మూలపడిన బడులలో కూడా 'నోరు మూసుకో' అనే పట్టీ తరచు బిగుస్తూనే ఉన్నది. చేతులు కట్టుకున్న పిల్లవాడు చేతులు కట్టుకోవడమే నేర్చుకుంటాడు, పాఠం కాదు. అట్లని తప్పంతా ఉపాధ్యాయునిదే అనడమూ తగదు. అరవైమందిని ఒక్కనికి అప్పగించినవారు కూడా ఆ పట్టీ రెండవ కొన పట్టుకొనే ఉన్నారు. విద్యార్థులకు కూడా ఇందులో ఒక మాట ఉన్నది. తోటివానిని 'పిచ్చివాడు' అని నవ్వే ప్రతిసారీ, వాని చుట్టూ ఒక చొక్కా బిగుస్తుంది; దాని బకిలు కూడా వాని చేతికి అందదు.

తెలుగులో 'కట్టు' అనే మాట విచిత్రమైనది. దొంగకు వేసేదీ కట్టే, గాయానికి వేసేదీ కట్టే. ఇల్లు కట్టుతారు, చీర కట్టుతారు, నోరూ కట్టుతారు. మాట ఒక్కటే అయినా పనులు వేరు. గాయానికి కట్టే కట్టును రేపు విప్పి చూడాలనే కడతారు. పుండు మానుతున్నదా, చీము పట్టిందా అని మరునాడు ఒకరు వచ్చి, మెల్లగా విప్పి, కడిగి, మళ్లీ కడతారు. ఎంత మెత్తని దూదితో కట్టినా, మరునాడు విప్పి చూసేవారు లేకపోతే ఆ కట్టు కిందనే గాయం కుళ్లుతుంది. వెన్ను తోలు, జంట కుట్టు, వరుస రంధ్రాల పట్టీ ఇవన్నీ ఉండి, మరునాడు వచ్చి చూసే మనిషికి చోటు లేకుండా కుట్టిన వస్తువు ఆ బరువైన కంచుకం. ఎవరినైనా ఏ కారణంగానైనా కట్టవలసి వచ్చినప్పుడు, కట్టే చేయి ముందుగా ఒక కుర్చీ తెచ్చి పక్కన వేసుకోవాలి.